మర్రిగూడకు నిలబెట్టే మనిషి

భువనగిరి,
2 నవంబర్ 1951

అక్క నాగులమ్మకు తమ్ముడు గోపయ్య దండం పెట్టి రాస్తున్న సంగతులు.

ఇక్కడ మేమంత బాగున్నం. నీ మరదలికి పంటినొప్పి తగ్గింది గని నా మీద కోపం తగ్గలే. ఇంట్ల ఉండేటిదే తక్కువ, ఉన్నంతసేపు ఎన్నికల ముచ్చటేనా అంటది. కచేరికి పోయే వకీళ్లందరి ఇండ్లల్ల ఇప్పుడు గిదే గొడవ.

మన రైతు సంరక్షణ సభ జిల్లాల మనుషులను నిలబెడ్తున్నది. జిల్లా కార్యదర్శిని నేనే గనుక పేర్లన్నీ నా దగ్గరికే వస్తున్నయి. మర్రిగూడ దిక్కు సీటుకు రెండు పేర్లు వచ్చినయి. ఒకటి మీ మరిది సోమన్న బావది. రెండోది నల్లగొండల ఆముదాల యాపారం చేసే యాదగిరిది.

నా మనసు బావ దిక్కే ఉన్నది. మన సభ పెట్టింది ఎందుకు? ఒకరి భూమి ఇంకొకరు జబర్దస్తిగ తీసుకునుడు తప్పని, ఎర్రజెండా సంగం పంచిన భూములు పట్టాదార్లకు వాపస్ రావాలని, కౌలుదారీ చట్టం మార్చాలని. ఈ మాటను బావంత గట్టిగ నమ్మినోడు మనల లేడు. రజాకార్లు వచ్చి వడ్లు అడిగితె ఇయ్యనన్నడు. సంగపోళ్లు వచ్చి చందా అడిగితె వాళ్లకూ అదే జవాబు చెప్పిండు. మీరంత హైదరాబాదుకు పోయిన్నాడు ఒక్కడే ఇల్లు కనిపెట్టుకోని ఉన్నడు. పోలీసు యాక్షన్ అయినంక ఊరోళ్లు దర్జీ ఫక్రుద్దీన్ ఇంటి మీదికి పోతుంటే ఆ వాకిట్ల అడ్డంగ మంచమేసుకోని కూసున్నది గూడ ఆయననే గద.

నువ్వు జర బావను కదిలిచ్చి చూడు. నిలబడ్తడా అడుగు. ఊర్ల జనం ఏమనుకుంటుండ్రో అది గూడ దాచకుండ రాయి.

నీ తమ్ముడు
గోపయ్య


మర్రిగూడ,
7 నవంబర్ 1951

తమ్ముడు గోపయ్యను అక్క నాగులమ్మ దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. ఈడ వానలు ఈ ఏడు గూడ మొఖం చాటేసినయి. ఆముదాలు మోకాలెత్తు లెవ్వలే. బాయి నీళ్లు నోట్ల పెట్టబుద్ధి గాదు, పోరగాండ్ల పండ్లన్ని పచ్చబడ్డయి. పోలీసోళ్ల క్యాంపు ఇంక మన కొట్టంలనే ఉన్నది. వాళ్ల జమేదారు ఊర్ల ఎవరితోని మాట్లాడడు, పొద్దున లేస్తె మన దూడతోని ముచ్చట పెడ్తడు.

దాచకుండ రాయమన్నవు గనుక రాస్తున్న. సోమన్నను పెట్టకుండ్రి.

మంచోడు కాదని నేనంటనా? మీ పెద్దబావ పోయినంక గీ ఇంటికి పెద్దదిక్కు ఆయననే. గని మొన్న సంతల కిష్టయ్య ఎదురైండు. మన వాగు పక్క చెల్క భూములు సంగం పంచినప్పుడు తీసుకున్నోడు, నీకు ఎరుకే. జైలు నుంచి వచ్చి నెల గాలే, వచ్చేసరికి తల్లి సచ్చిపోయి ఉన్నది. వాన్ని చూసి సోమన్న ఏమడిగిండో తెలుసా? తల్లి గురించి ఒక్క మాట అడిగి, ఎంబడే, నా చెల్క ఎప్పుడిడుస్తవ్ అన్నడు. చుట్టున్నోళ్లు అందరు విన్నరు.

గోపయ్యా, పట్టాలున్న ఇండ్లు ఊరికి నాలుగో అయిదో ఉంటయి. మిగిలినోళ్లంత దున్నేటోళ్లు, కూలికి పోయేటోళ్లు. ఇప్పుడు ఓటు అందరికిచ్చిండ్రట గద, ఆడోళ్లకు గూడ. మీరు భువనగిరిల కూసోని పట్టాలున్నోళ్లనే లెక్కేస్తున్నట్టున్నది.

యాదగిరి వస్తె ఎవలింటి ముందట మంచముంటె ఆడ కూసుంటడు. ఎవల పిల్లకు దగ్గున్నదో యాదికుంటది. పోయినేడు పంట పాడైనా ఆముదాలు కొనుక్కపోయిండు. ఆయనను పెట్టుండ్రి. గెలిస్తె మనోడు ఒకడు లోపలుంటడు.

నువ్వడగమన్నవని సోమన్ననూ అడిగిన. ఎడ్లకు నీళ్లు తాపుకుంట విన్నడు. “సభ చెప్పేది, నేను చెప్పేది ఒకటైతె నిలబడ్త వదినె. అడుక్కోను. వద్దంటె అడ్డం గూడ పడను” అన్నడు. అంతే.

మరదలిని లవంగం నూనె పెట్టుకోమను.

నీ అక్క
నాగులమ్మ


భువనగిరి,
11 నవంబర్ 1951

అక్కకు గోపయ్య నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివినంక మనసు కుదురుగ లేదు. నువ్వు చెప్పిన లెక్కల తప్పు లేదు. వకీలు పని చేస్తున్న గనుక ఎదుటి పక్షం వాదన ఎప్పుడు బలంగున్నదో నాకు తెలుస్తది.

అయినా నా మాట గూడ విను. యాదగిరి గెలిచి అసెంబ్లీల కూసున్నడనుకో. కౌలుదారీ చట్టం మీద చెయ్యి ఎత్తే దినం వస్తది. ఆ దినం ఆయన ఎవరికి భయపడ్తడు? దున్నేటోళ్లకు మాటిచ్చి గెలిచినోడు దున్నేటోళ్లకే భయపడ్తడు. మనకు సీటు ఉన్నట్టే ఉంటది, ఆ సీటుల మన పని చేసేటోడు ఉండడు. బావ నిలబడి ఓడిపోయినా సరే, ఈ సభ అంటె ఇది, వీళ్ల మాట ఇది అని జనానికి ఎరుకైతది. ఇయ్యాల ఓడిన మాట ఇంకో ఎన్నికల గెలువొచ్చు. మనం నోరు తెరిచి చెప్పనే చెప్పని మాట ఎట్ల గెలుస్తది? అధికారం కోసమే అయితె నేను గూడ నిరుడే ఖద్దరేసుకోని అటు దిక్కు పోయేటోన్ని. పిలిచినోళ్లు లేకపోలేదు.

నువ్వు రాసింది గూడ కమిటీ ముందర పెడ్త, అది నా బాధ్యత. కమిటీ ఈ వారంలనే కూసుంటది. బావను తయారుగ ఉండమని చెప్పు.

మీ ఊరి పిల్లల పండ్ల సంగతి ఇక్కడి దవాఖాన డాక్టరుకు చెప్పిన. నీళ్లల్ల ఏదో ఉన్నదన్నడు, ఏమున్నదో ఆయనకు గూడ ఎరుక లేదు.

గోపయ్య


మర్రిగూడ,
17 నవంబర్ 1951

తమ్ముడు గోపయ్యకు,

నీ ఉత్తరం మళ్ల మళ్ల సదివిన. సిన్నప్పుడు నీకు అక్షరాలు దిద్దిచ్చింది నేనే. ఇప్పుడు నువ్వు రాసింది నాకు బుద్ధి చెప్తున్నది. బాధ లేదు, మంచిగనే అనిపిచ్చింది.

ఇంకో ముచ్చట గూడ అయింది. కిష్టయ్య పెండ్లాం హనుమమ్మ సల్లకు వచ్చింది. మగోళ్లు మాట్లాడుకోకున్నా మాకు సల్ల, నిప్పు ఇచ్చి పుచ్చుకునుడు బంద్ కాలే. ఎన్నికలల్ల ఎవల దిక్కు ఉంటరని మెల్లగ అడిగిన. సంగం దిక్కే అన్నది. మరి సోమన్న నిలబడితె అంటె, “ఆ పటేలు మాట మాకు కారం పెట్టినట్టుంటది. గని నిన్న చెప్పిందే ఇయ్యాల చెప్తడు. ఆయన కాడ ఏది ఏందో తెలుస్తది” అన్నది.

అది పోయినంక నీ ఉత్తరం మళ్ల తీసి సదివిన. సోమన్నను పిలిచి, సభ నిన్నే నిలబెడ్తాంది, గోపయ్య తయారుగుండమన్నడని చెప్పిన. నిజమేనా అని ఒక్కసారి అడిగిండు. నా తమ్ముడు రాసిండు, నిజమే అన్న. తెల్లారి దేవరకొండకు పోయి నామినేషన్ కాయితం ఇచ్చి వచ్చిండు. అప్పటి నుంచి ఊర్లు తిరుగుతుండు. గీ వయసుల ఆయన మొఖాన గంత ఉషారు నేను సూడలే. ఇంటికి రాంగనే ఇయ్యాల ఎవరెవరు తన మీద కొట్లాటకు వచ్చిండ్రో చెప్పుకుంట అన్నం తింటడు.

మొదలు నేను వద్దని రాసిన మాట మర్సిపో. నువ్వన్నదే సరి.

అక్క


భువనగిరి,
18 నవంబర్ 1951

అక్కకు దండాలు.

నీ మాట నెగ్గింది. ముందుగాల నీకే రాస్తున్న.

కమిటీ నిన్న పొద్దుందాక కూసున్నది. నేను మొదలు బావ గురించే మాట్లాడిన. అందరు తలకాయలు ఊపిండ్రు. ఆ తర్వాత మాటిచ్చిన ప్రకారం నీ ఉత్తరం తీసి చదివిన. పట్టాలున్న ఇండ్లు ఊరికి నాలుగో అయిదో అన్న కాడికి వచ్చేసరికి మా అధ్యక్షుడు ముసలాయన కండ్లద్దాలు తీసి తుడుచుకుంట, “ఇన్నాళ్లు మనం మనతోనే మాట్లాడుకుంటున్నం” అన్నడు. పైకి చదువుతుంటె నాకు గూడ అప్పుడే లోపలికి దిగింది. గెలువని సభ ఎవరి భూమిని కాపాడ్తది? బావను ఓడగొట్టి ఆయన పరువు తీసుడు తప్ప మనం చేసేది ఏముంటదనిపిచ్చింది. నేను గూడ యాదగిరికే చెయ్యెత్తిన.

బావకు నువ్వే మెల్లగ చెప్పు. నీ నోటి నుంచి అయితె నొచ్చుకోడు. మీటింగుల వేదిక మీద ఆయనకు యాదగిరి పక్కనే జాగ ఉంటది.

ఇంట్ల అందరం బాగున్నం.

గోపయ్య


మర్రిగూడ,
23 నవంబర్ 1951

గోపయ్యకు నాగులమ్మ రాసేది.

నా ఉత్తరం, నీ ఉత్తరం తొవ్వల ఎదురుబదురు పోయినట్టున్నయి. ఈపాటికి నాది నీకు అందే ఉంటది. ఇంక నేను చెప్పేదేమున్నది.

అక్క తమ్మునికి రాసుకున్న ముచ్చటను పదిమంది మగోళ్ల ముందట సదువుతవని ఎరుకైతె నేను గట్ల రాసేదాన్నే గాదు. సోమన్న కిష్టయ్యను తల్లి గురించి అడిగిన తీరు గూడ సదివినవా? అది గూడ సదివే ఉంటవు.

నీ ఉత్తరం ఆయనకు సదివి వినిపిచ్చిన. మెల్లగ చెప్పుడు నాకు రాలే. మొత్తం విన్నడు. నా మాటనే మనకు ఎదురొచ్చినట్టయింది మరిదీ అన్న. “నువ్వు మొదలు చెప్పింది నిజమే గద వదినె. ఓట్లు పడయి” అన్నడు. తెల్లారి మళ్ల దేవరకొండకు పోయి నామినేషన్ వాపస్ తీసుకున్నడు. కొందరు, సభ లేకున్నా సొంతంగ నిలబడు, మేముంటమన్నరు. సభ కోసమని దిగిన, సభ మీదికి దిగుతనా అన్నడు.

నీ మీద ఒక్క మాట అనలే. అంటె నాకు జర తేలికయ్యేది. రెండు దినాల నుంచి ఇంట్ల అన్నం తినేటప్పుడు మాటల్లేవు.

మీటింగుకు వస్తడట. వేదిక మీద కూసుంటడట. “కూసోమంటె కూసుంట. మాట్లాడుమంటె నేను మాట్లాడేదే మాట్లాడ్త” అని నీకు రాయమన్నడు. రాసిన.

నాగులమ్మ


భువనగిరి,
2 డిసెంబర్ 1951

అక్కకు,

నీ రెండు ఉత్తరాలు ముందర పెట్టుకోని కూసున్న. నన్ను ఒప్పించి నువ్వు మారినవు, నిన్ను ఒప్పించి నేను మారిన. ఎవరి తప్పని అడిగితె కచేరిల గూడ తేలదు. ఉత్తరం పైకి చదువుడు మాత్రం నా తప్పే. నీ మాటకు ఉన్నంత బలం నా మాటకు లేదనే చదివిన.

ఇప్పుడు పని చూడాలె. యాదగిరి మీటింగు మర్రిగూడ సంతల పెట్టిండ్రు. బావను కూసోమనే చెప్పు, మాట్లాడవద్దను. సంగం పంచిన చెల్కల గురించి జనం అడుగుతరు. యాదగిరి తన తీరుగ ఏదో ఒక జవాబు చెప్పుకుంటడు. అది విని బావ ఓర్సుకోవాలె. ఎన్నికలయినంక భూముల ముచ్చట చూద్దాం. ముందు లోపలికి పోతే గద ఏదన్న చేసేది.

ఇట్ల రాస్తుంటె నా చెయ్యి నాకే కొత్తగ ఉన్నది. అయినా రాస్తున్న.

గోపయ్య


మర్రిగూడ,
19 డిసెంబర్ 1951

తమ్ముడు గోపయ్యకు,

మీటింగు ముచ్చట మీ వాళ్లు చెప్పే ఉంటరు. నేను సూసింది రాస్త. ఆడోళ్లం లాడ్లీ బేగం ఇంటి అరుగు మీద కూసున్నం. ఫక్రుద్దీన్ భార్య, మంచిగ జాగ ఇడిసింది. ఆడికి అన్నీ వినబడ్డయి.

యాదగిరి బాగనే మాట్లాడిండు. బాయిల గురించి, సడక్ గురించి, ధర్మం గురించి. జనం వింటుండ్రు. సోమన్న పక్కన చేతికర్ర పట్టుకోని కూసున్నడు. అప్పుడు కిష్టయ్య లేసిండు.

“సేటూ, సంగం పంచిన చెల్కలు మీరు గెలిస్తె మాకుంటయా, పోతయా? అదొక్కటి చెప్పుండ్రి” అన్నడు.

“దున్నేటోనిదే చెల్క. నేనుండంగ మీ దిక్కు ఎవడు సూస్తడు?” అన్నడు యాదగిరి. జనం చప్పట్లు కొట్టిండ్రు.

సోమన్న లేసి నిలబడ్డడు. నువ్వు రాసింది రాసినట్టు ఆయనకు చెప్పిన తమ్మీ, చెప్పలేదనుకోకు. లేసి, యాదగిరి దిక్కు సూడకుండ కిష్టయ్యనే సూసుకుంట మాట్లాడిండు.

“కిష్టయ్యా, ఈ సభ పెట్టిందే ఆ భూములు వాపస్ అడిగెతందుకు. ఆయన నీ ఓటు కోసం ఇంకో తీరుగ చెప్తుండు. నా చెల్క నేను అడుగుత. కోర్టుల అడుగుత. నీ ఇంటి మీదికి పోలీసోన్ని పంపియ్య, నీ అరక ఆప. గని అడుగుత.”

“మరి మీ సభకు మేమెందుకు ఓటెయ్యాలె పటేలా?” అన్నడు కిష్టయ్య.

“ఎయ్యమని నేనంటలేను. మా మాట ఏందో చెప్తున్న” అని కూసున్నడు.

ఎవరు అరవలే, రాయి ఇసరలే. యాదగిరి నవ్వి, పెద్దాయన పాతకాలం మనిషి అన్నడు. కొందరు నవ్విండ్రు. ఆ తర్వాత ఒక్కొక్కరు లేసి పోయిండ్రు. పోయేటోళ్లల్ల ఇద్దరు ముగ్గురు సోమన్నకు దండం పెట్టి పోయిండ్రు. ఓటేస్తమని చెప్పెతందుకు పెట్టిన దండం గాదది.

అన్నానికి యాదగిరి మనింటికే వచ్చిండు. కోపం లేదు. కడుపునిండ తిన్నడు. చెయ్యి కడుక్కుంట నాతోని, “అమ్మా, ఆయన నిజం చెప్పి ఒక ఊరు పోగొట్టిండు. నేను అబద్ధం చెప్పి పది ఊర్లు కూడగట్టిన. మీ సభకు ఎవరు పనిచేసిండ్రు?” అన్నడు. దీనికి జవాబు నీకు దొరికితె రాయి.

అక్క నాగులమ్మ


భువనగిరి,
6 ఫిబ్రవరి 1952

అక్కకు గోపయ్య దండాలు.

లెక్కింపు అయిపోయింది. సంగపోళ్లు నిలబెట్టిన మనిషి గెలిచిండు. యాదగిరి పెట్టెలల్ల ఎన్ని పడ్డయో నేను రాయను, రాస్తె నువ్వు నమ్మవు. ఆయన కూడగట్టిన పది ఊర్లు గూడ ఆయన దగ్గర చెల్క మాట తీసుకోని, ఓటు తీసుకపోయి అవతల వేసినయి. చెల్క ఉంచుతమని ముందుగాల చెప్పినోళ్లు ఉండంగ, ఎనక వచ్చి అదే మాట చెప్పినోనికి ఎందుకు వేస్తరు? నువ్వడిగిన దానికి నాకు దొరికిన జవాబు ఇంతే. ఇది నాకు నవంబర్ల దొరికితె బాగుండు.

కమిటీ మొన్న కూసున్నది. మర్రిగూడ పోయింది బావ నోటి వల్లనన్నరు. బావ గొంతు వినబడని తాలూకాలల్ల గూడ అట్లనే పోయింది గద అని నేనన్న. ఓడినోళ్లకు ఒక కారణం కావాలె, వాళ్లకు బావ దొరికిండు. సభ కట్టుబాటు తప్పిండని ఆయన పేరు తీసేసిండ్రు. కార్యదర్శిని గనుక ఆ కాయితం నేనే రాసి కింద నా పేరు దస్కత్ చేసిన. చెయ్యనని లేసి రావొచ్చు. రాలే. అధ్యక్షుడు ముసలాయన నా మొఖం సూడలేక కిటికీ దిక్కు సూసిండు.

కాయితం టపాల వస్తది. అంతకంటె ముందు ఈ ఉత్తరం రావాలని రాస్తున్న. బావకు చెప్పాల్నా వద్దా నీ ఇష్టం.

యాదగిరి నిన్న మా ఆఫీసు ముందట నుంచే పోయిండు. లోపలికి రాలే.

నీ తమ్ముడు
గోపయ్య


మర్రిగూడ,
20 ఫిబ్రవరి 1952

తమ్ముడు గోపయ్యను అక్క నాగులమ్మ దీవించి రాసేది.

నీ ఉత్తరం, సభ కాయితం రెండూ ఒక్కనాడే వచ్చినయి. టపా మనిషి మనిద్దరి కంటె తెలివైనోడు. సభ కాయితం సోమన్న తనే సదువుకున్నడు. కింద నీ దస్కత్ గూడ సూసిండు. మడిచి దూలం సందుల పెట్టి చెల్క దిక్కు పోయిండు. నేను నీ ఉత్తరం ఇయ్యలే. ఇంకో రెండు దినాలాగి ఇచ్చిన. సదివి, అన్నం తింటున్నడా వాడు అని అడిగిండు.

మొన్న పొద్దున కిష్టయ్య, ఇంకొందరు వాగు పక్క చెల్కలోళ్లు వాకిట్లకు వచ్చిండ్రు. గీ వాకిట్ల వాళ్లు కాలువెట్టి ఎన్నేండ్లాయెనో. పోలీసోళ్లు తుపాకులు అందుకోబోతె సోమన్న కూసోమని సైగ చేసిండు.

“మా ఓటు సంగానికే ఏసినం పటేలా. ముందు అది చెప్పి మిగిలింది మాట్లాడుదమని వచ్చినం” అన్నడు కిష్టయ్య.

“ఎరుకే. చెప్పు” అన్నడు సోమన్న.

వాళ్లన్నది ఇది. గెలిచినోళ్లు చెల్క మీదే అంటుండ్రు, ఓడినోళ్లు గూడ మీదే అన్నరు, గని పట్టా ఇంకా నీ పేరు మీదనే ఉన్నది. కోర్టుకు పోతనని చెప్పింది నువ్వొక్కనివే. నువ్వు పోతవని మాకు ఎరుక. పోతె కోర్టు సుట్టు తిరుగుడే, మాకు పంట పనుల్లేవు, నీకు గూడ లేవు. గిప్పుడే తెగగొట్టుకుందం.

పొద్దెక్కేదాక కొట్లాడుకున్నరు. చెల్క నాదే అని ఈయన, దున్నుడు మాదే అని వాళ్లు. ఎవల మాట వాళ్లు ఇడువలే. అయినా కుదిరింది. పట్టా సోమన్న పేరు మీదనే ఉంటది. దున్నేది వాళ్లే, వాళ్ల పిల్లలే, ఎల్లగొట్టేది లేదు. పంటల ఈయనకు ఒక పాలు. నా వాటకు గూడ అదే ఒప్పుకున్న. నేను ఓర్సుకోలేక, గింతకే ఒప్పుకుంటివా మరిదీ అన్న. “అడుగుత అన్న, అడిగిన. వాళ్లు జవాబు చెప్పిండ్రు. అడిగినోడు జవాబు వినాలె గద వదినె” అన్నడు.

ఆఖరికి కాయితం ఎవరు రాస్తరన్న ముచ్చట వచ్చింది. భువనగిరిల మా వదినె తమ్ముడు గోపయ్య వకీలు రాస్తడన్నడు సోమన్న. కిష్టయ్యకు అది నచ్చలే.

“ఆయన మీ మనిషి గద పటేలా. మీ దిక్కే రాస్తడు” అన్నడు.

“మా మనిషే. నన్ను సభల నుంచి తీసేసిన కాయితం గూడ ఆయననే రాసిండు. నా దిక్కు ఒక్క అక్షరం మొగ్గలే. మనం చెప్పింది చెప్పినట్టు రాస్తడు” అన్నడు సోమన్న.

కిష్టయ్య నవ్విండు. సోమన్న నవ్వలే, గని కోపంగ గూడ లేడు.

సోమవారం బస్సుకు రా. స్టాంపు కాయితాలు నువ్వే తెచ్చుకో. మరదలిని గూడ తోల్కరా. మీరు ఉండెతందుకు ముందటి గది ఊడిపిచ్చమని సోమన్న పొద్దుగాల చెప్పి పోయిండు.

నీ అక్క
నాగులమ్మ